మీ ప్రశ్న – మా జవాబు
ప్రశ్న: షార్ట్ ఫిలిం తీయాలని కూడబెట్టిన డబ్బుకి పాత డిఎస్ఎల్ఆర్ కెమెరా అయినా వస్తుంది, జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా అయినా వస్తుంది. ఏది కొనమంటారు?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: సినిమా పిచ్చే అయితే పాతదే కొనండి. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ని ఐదు రోజుల్లో చుట్టేసింది కేనన్ 5డి కెమెరాలతోనే! మామూలు జేబు కెమెరా కంటే డిఎస్ఎల్ఆర్ సెన్సార్ పది రెట్లకు పైగా పెద్దది; తక్కువ వెలుగులోనూ బొమ్మ బాగా వస్తుంది. లెన్సులూ మార్చుకోవచ్చు.

కానీ ఒక్క మెలిక! 2008లో నికాన్ డి90 వచ్చేదాకా ఏ డిఎస్ఎల్ఆరూ వీడియో తీయలేదు. ఆ తర్వాత వచ్చినవాటిలోనూ కొన్నిటికి ఆ సదుపాయం లేదు. చవగ్గా వస్తోందని అలాంటిది కొన్నారో, మీ హీరో ఫోటోలోనే బిగుసుకుపోతాడు! అమ్మేవాడి ఎదుటే వీడియో తీసి చూశాకే డబ్బివ్వండి. షికార్లకైతే మాత్రం చిన్నదే హాయి.