పళ్ళెం మారకుండా పట్టుదల నిలవదు

ఆరోగ్యకరమైన ఆహార నియమాన్ని పాటించలేకపోవడాన్ని విద్యార్థి మనోదౌర్బల్యంగా లెక్కగట్టడం కళాశాలల్లో పరిపాటి అయింది. పోషకాహార వారోత్సవాలు వస్తాయి, ఉపన్యాసాలు జరుగుతాయి, ప్రతిజ్ఞలు చేయిస్తారు. ఆ రాత్రి భోజనశాలలో మళ్ళీ అదే అన్నం, అదే పలుచని పప్పుచారు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన స్వీయ సామర్థ్య భావన ఇక్కడ గమనింపదగినది. ఒక పని చేయగలనన్న నమ్మకం ప్రధానంగా ఆ పనిని చేసి నెగ్గిన అనుభవం నుంచి పుడుతుంది. తోటివారు చేయగా చూసినప్పుడు బలపడుతుంది. కేవలం మాటలవల్ల కలిగే నమ్మకానికి నిలకడ తక్కువ. కళాశాలలు మాత్రం మాటలతోనే సరిపెట్టుకుంటున్నాయి.

మేళ్లచెరువు ప్రాంతం నుంచి కోదాడ, హుజూర్‌నగర్ కళాశాలలకు వెళ్ళే విద్యార్థి ఉదయం బస్సు అందుకోవాలంటే ఇంట్లో పొయ్యి వెలిగే లోపే బయలుదేరాలి. మధ్యాహ్నం దాకా ఆకలిని బస్టాండు బజ్జీలే ఆపుతాయి. వసతి గృహంలో ఉండేవారికి ఏమి తినాలో నిర్ణయించుకునే వీలే లేదు. ఎంపిక లేని చోట నియమపాలన అనుభవం ఎక్కడ నుంచి వస్తుంది?

దీనికి మూలం సాగులోనూ ఉంది. నల్లగొండ మెట్టల్లో ఒకప్పుడు జొన్న, సజ్జ, కంది, ఉలవ ఇంటి పంటలు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఎడమ కాలువ ఆయకట్టు వరి మాగాణిగా మారింది. కరువు భయం తగ్గింది. ఆ మేలును తక్కువ చేయరాదు. అయితే మడిలో వచ్చిన మార్పే కంచంలోనూ వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో ఇనుము సుమారు 4 మిల్లీగ్రాములు, పాలిష్ బియ్యంలో 0.65 మాత్రమే. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలిన రాష్ట్రంలో ఈ తేడా చిన్నది కాదు.

ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించరాదని అదే సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మిగిలినది పప్పులు, కూరగాయలు, పాలు, గింజలు పూరించాలి, ఖర్చంతా అక్కడే. 2024 చివర రాష్ట్ర ప్రభుత్వం సంక్షేమ వసతి గృహాల్లో ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవారి నెలసరి ఆహార వ్యయాన్ని 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచింది. మంచి పనే. కాని రోజుకు లెక్కిస్తే 70 రూపాయలు. పప్పు చిక్కబడేది అంతలోనే.

జొన్నరొట్టెను రోజూ వడ్డించమని సలహా ఇచ్చేవారు వందలమందికి రొట్టెలు తట్టే చేతులెన్ని కావాలో ఆలోచించరు. వారానికి మూడు సాయంత్రాలు సెనగ, అలసంద గుగ్గిళ్ళు, ఉదయం జొన్నరవ్వ ఉప్మా ఏ వంటవారికైనా సాధ్యమే. వాటిలో ఏది ఏ రోజున ఉండాలో విద్యార్థుల సంఘమే నిర్ణయించి, సరుకు తూకం తానే చూసుకోవాలి. నెల రోజులు అలా నడిపినవారికి చేయగలమన్న నమ్మకం ఉపన్యాసం లేకుండానే కలుగుతుంది.

పప్పుధాన్యాలకు దూరం పోనక్కరలేదు. ఆయకట్టు పొలాల గట్లపై కంది, వరి కోసిన మాగాణిలో పెసర, మినుము పండించడం రైతులకు తెలిసిన విద్యే, తెలియనిదల్లా కొనేవారెవరన్నది. సమీప వసతి గృహాలు విత్తే కాలానికి ముందే పరిమాణం, ధర నిర్ణయించి రైతు సంఘాలతో ఒప్పందం చేసుకోవాలి. ఆ ఒప్పందాల ముసాయిదా తయారీ, రకాల ఎంపిక వ్యవసాయ విశ్వవిద్యాలయం చేపట్టవలసిన పనులు. వచ్చే వానాకాలానికి సిద్ధం కావాలంటే వేసవిలోనే మొదలుపెట్టాలి.