పెద్దాపరేషన్ మీద వేసిన నింద

"పెద్దాపరేషన్ అయింది కదమ్మా, మూడు రోజుల దాకా పాలు పడవు. ఈలోపు డబ్బా పట్టండి." తెలుగునాట ప్రసూతి వార్డుల్లో తరచూ వినబడే మాట ఇది. అమ్మమ్మ అంటుంది, ఆయా అంటుంది, రౌండ్స్‌కొచ్చిన డాక్టరు చాలాసార్లు కాదనరు. బిడ్డ నెలలు నిండకుండా పుడితే ఇంకో మాట తోడవుతుంది: "అసలే నెల తక్కువ బిడ్డ, చీకే ఓపిక ఎక్కడిది?" ఇంతమంది ఇంత ధీమాగా చెప్పే ఈ మాట తప్పు. పైగా చాలామంది తల్లులకు పాలు పడకుండా చేస్తున్నది కూడా ఈ మాటే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తానికి 21.5. తెలంగాణలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే. సగానికి పైగా కాన్పులు ఆపరేషన్లయిన చోట, ఆపరేషన్ అయితే పాలుండవనే నమ్మకం ఎందరు పిల్లల నోటి దగ్గర ముద్ద తీసేస్తోందో ఆలోచించండి.

కోతకూ పాలకూ ఏమిటి సంబంధం? ముర్రుపాలు దాదాపు ఐదో నెలకే రొమ్ములో తయారవడం మొదలవుతుంది. అంటే ఎనిమిదో నెలలో హఠాత్తుగా ఆపరేషన్ చేయాల్సి వచ్చిన తల్లి దగ్గర కూడా అవి ఉంటాయి. ఇక మాయ బయటికి రాగానే ఒంట్లో ప్రొజెస్టరాన్ హార్మోను పడిపోతుంది. పాలు పెరగడానికి ఒంటికి అందే కబురు అదే. మాయ ఏ దారిన వచ్చినా ఆ కబురు మారదు.

సిజేరియన్ అయినవాళ్ళకూ, నెలలు నిండని కాన్పులకూ, షుగర్ ఉన్న తల్లులకూ పాలు పొంగడం కొంత ఆలస్యం కావచ్చు. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ ఆలస్యానికి విరుగుడు తరచుగా చీకించడం, చీకలేకపోతే తరచుగా పిండడం. మన వార్డుల్లో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. నడుముకు మత్తుసూది ఇచ్చిన తల్లి తెలివితోనే ఉంటుంది, బిడ్డను గుండెల మీదికి తీసుకోగలదు. అయినా బిడ్డను తువ్వాలులో చుట్టి బంధువుల చేతుల్లో పెడతారు, తల్లిని ఇంకో గదిలో ఉంచుతారు. తండ్రి మందుల షాపుకు పరిగెత్తి డబ్బా తెస్తాడు. కడుపునిండిన బిడ్డ గంటల తరబడి నిద్రపోతుంది. రొమ్ముకు నోరు తగలదు, చెయ్యీ తగలదు. అడిగేవారు లేని పాలు ఒంట్లో ఎందుకు పెరుగుతాయి? మూడో రోజున "చూశావా, పడలేదు" అని తీర్పు చెబుతారు.

చేత్తో పాలు తీయడం ఎలాగో ఎంతమంది బాలింతలకు చూపిస్తున్నారు? నల్లటి వలయం అంచుకు కాస్త వెనగ్గా బొటనవేలూ చూపుడువేలూ ఎదురెదురుగా ఉంచాలి. ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత వేళ్ళను దగ్గరికి అదిమి వదలాలి. చర్మం మీద వేళ్ళు జారకూడదు. కాసేపటిదాకా ఏమీ రాదు. తర్వాత మొన మీద పసుపుపచ్చటి బొట్టు ఒకటి చిక్కగా నిలబడుతుంది. దాన్ని చెంచా అంచుతో అందుకోవాలి, లేదా సూది లేని సిరంజితో లాగాలి. పావుచెంచా వచ్చేసరికి మంచం చుట్టూ ఉన్నవాళ్ళు పెదవి విరుస్తారు. నెలలు నిండి పుట్టిన బిడ్డకే మొదటి రోజు తడవకు 2 నుంచి 10 మిల్లీలీటర్లు సరిపోతాయని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పగలూ రాత్రీ కలిపి రోజుకు ఎనిమిది, పదిసార్లు ఇలా తీస్తూ పోతే పాలు పుంజుకుంటాయి.

నెల తక్కువ బిడ్డకు ఈ బొట్లు ఇంకా విలువైనవి. పేగు దెబ్బతిని ప్రాణం మీదికి తెచ్చే జబ్బు ఆ పిల్లలకే ఎక్కువ. తల్లిపాలు ఆ ముప్పు తగ్గిస్తాయి. చీకడం, మింగడం, ఊపిరి తీయడం ఒక వరసలో కుదరడానికి సుమారు 34 వారాలు నిండాలి. అంతవరకూ గొట్టంతోనో, మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఉగ్గుగిన్నెతోనో ఆ పిండిన పాలే పట్టవచ్చు. బిడ్డ రక్తంలో చక్కెర పడిపోయినా, బరువు మరీ తగ్గినా, తల్లిపాలు చాలకపోతే వేరే పాలు ఇవ్వాల్సి రావచ్చు. దాతల పాలు దొరికితే అవి మేలు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో పాల బ్యాంకు ఉంది. డాక్టరు అవసరమని కొలిచి రాసిన డబ్బా పాల మీద నాకు తగువు లేదు. ఎవరూ ఏమీ చూడకుండానే మొదటి గంటలో తెప్పించే డబ్బా మీదే నా తగువు. ప్రసూతి ఆసుపత్రుల్లో డబ్బా పాల కంపెనీల ప్రచారాన్నీ, ఉచిత శాంపిళ్ళనూ 1992లోనే చట్టం నిషేధించింది, 2003లో మరింత బిగించింది. ఆ చట్టం ఎందుకు వచ్చిందో వార్డుల్లో ఉన్నవాళ్ళకు గుర్తుండాలి.

ఇంట్లోవాళ్ళకూ ఒక మాట. పచ్చి బాలింతకు నీళ్ళిస్తే పొట్ట పెరుగుతుందని గుక్కల లెక్కన పోయడం ఆమెను హింసించడమే. కుట్ల నొప్పికి డాక్టరిచ్చే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ పాలకు చేటు కాదు. నొప్పిని పళ్ళ బిగువున భరించే తల్లికే పాలు దిగడం కష్టం. బిడ్డను పొట్ట మీద కాకుండా చంక కిందుగా పట్టుకుంటే కుట్లకు బరువు తగలదు. ఇక నక్షత్రం బాగుందని ఏ వైద్య కారణమూ లేకుండా 37వ వారంలోనే కోయించి తీసిన బిడ్డ మత్తుగా పడుకుని సరిగా చీకకపోతే, ఆ తప్పు తల్లి రొమ్ము మీద వేయకండి. ముహూర్తం పెట్టించింది ఎవరు?

కాన్పుకు పేరు రాయించేటప్పుడు గది అద్దె అడుగుతాం, ఏసీ ఉందా అని అడుగుతాం. ఇవి కూడా అడగండి. ఆపరేషనయ్యాక గంటలోపు బిడ్డను తల్లి ఛాతీ మీద పెడతారా? బిడ్డను ఐసీయూలో ఉంచాల్సి వస్తే తల్లికి పాలు పిండడం ఎవరు నేర్పుతారు? రాత్రిపూట ఆ పనికి నర్సు ఉంటుందా? జవాబు తిన్నగా రాకపోతే ఇంకో ఆసుపత్రి చూడండి. ఆ వీలు లేనివాళ్ళు పాలు తీయడం ముందే నేర్చుకుని వెళ్ళండి, బాలింత పక్కన చెంచా పట్టుకుని కూర్చోవడానికి ఇంట్లో ఒక మనిషిని ఇప్పుడే అనుకోండి.