తొలి ఉద్యోగం, తొలి టార్గెట్

డిగ్రీ పూర్తయిన మన పిల్లల్లో చాలామందికి నేడు మొదట తలుపు తెరుస్తున్నది ప్రభుత్వ కార్యాలయం కాదు. ప్రైవేటు బ్యాంకు, బీమా సంస్థ, ఫైనాన్స్ కంపెనీ. మెడలో ట్యాగ్, చేతిలో ట్యాబ్, నెత్తిన నెలసరి టార్గెట్. 2007 నాటి చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు కల్పించిన 4 శాతం రిజర్వేషన్ చదువుకూ, ప్రభుత్వ కొలువుకూ పరిమితం. ఈ గుమ్మం దాకా అది రాదు. 2006లో సచార్ కమిటీ సిఫారసు చేసిన సమాన అవకాశాల కమిషన్ నేటికీ ఏర్పడలేదు. కనుక ఈ కొలువుల్లో చేరే పిల్లలకు అండగా నిలవవలసిన బాధ్యత ప్రస్తుతానికి కుటుంబం మీదా, సమాజం మీదా పడుతున్నది.

వడ్డీతో ముడిపడిన కొలువు ధర్మసమ్మతమా అన్న ప్రశ్న ఉలమాలు తేల్చవలసినది. మేము ఇక్కడ ప్రస్తావిస్తున్నది వేరు.

కొత్తగా చేరిన కుర్రవాడికి ఖాతాదారులు ఎక్కడి నుంచి వస్తారు? శిక్షణ మొదటి వారంలోనే ఫోనులోని పేర్ల జాబితా రాయమంటారు. మామూ, ఖాలా, ఫూఫీ, పక్కింటి చాచా. తొలి రెండు మూడు నెలల టార్గెట్ వారి సంతకాలతోనే తీరుతుంది. ఆ తరువాత జాబితా అయిపోతుంది, టార్గెట్ మాత్రం తగ్గదు. ఆరో నెలకు కుర్రవాడు రాజీనామా చేస్తాడు; ఆ స్థానంలో మరో కుర్రవాడు, మరో బంధువర్గం. పొదుపు పాలసీకి తొలి ఏడాదిలోనే ప్రీమియం ఆగిపోతే కట్టిన సొమ్ము చాలావరకు తిరిగిరాదు. కుట్టుమిషను మీద సంపాదించినది పోగొట్టుకున్న ఖాలా కంపెనీని నిందించదు, బిడ్డ ముఖం చూడడం మానేస్తుంది. పాలసీ పత్రం అందిన 30 రోజుల లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చే హక్కు ఆమెకు ఉన్నదని ఆ బిడ్డకు ఎవరూ నేర్పలేదు. టార్గెట్ పెట్టినవారు ఎందుకు నేర్పుతారు?

నియామక పత్రం గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ట్యాగ్ మీద పెద్ద బ్యాంకు పేరుంటుంది. జీతమిచ్చేది తరచూ మరో ఏజెన్సీ. బ్యాంకు ఉద్యోగమని సంబంధాలు కూడా కుదిర్చేవారు ఆ పత్రంపై ఎవరి సంతకం ఉన్నదో ఒక్కసారి చూడాలి. సీటీసీ అని రాసిన మొత్తంలో యజమాని చెల్లించే పీఎఫ్ వాటా, వస్తుందో రాదో తెలియని ఇన్సెంటివ్ కూడా కలిసి ఉండవచ్చు. నెలనెలా చేతికందేది ఎంతో విడిగా అడగాలి. జీతం 21,000 రూపాయల లోపైతే ఈఎస్ఐ ఉన్నదా, టార్గెట్ తప్పితే స్థిర జీతంలో కోత పడుతుందా అన్నవీ చేరకముందే తేలాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి వద్దా ఉంచరాదు. వారు నకళ్లు తీసుకోవచ్చు, సరిచూసుకోవచ్చు, అంతే.

వసూళ్ల విభాగంలో చేరేవారి స్థితి మరింత కఠినం. రుణగ్రస్తులకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత వసూలు ఫోన్లు చేయరాదన్నది రిజర్వ్ బ్యాంకు ఆదేశం. పైఅధికారి నోటిమాటగా చేయమంటాడు. ఫిర్యాదు వస్తే విచారణ ఫోన్ చేసిన వానిపైనే. అటువంటి ఆదేశాన్ని మెసేజ్ రూపంలో ఇమ్మని మర్యాదగా కోరడం మన పిల్లలు అలవరచుకోవాలి. ఆడపిల్లలు ఖాతాదారుల వద్దకు ఒంటరిగా వెళ్లవలసి వస్తుందా అని ముందే అడగాలి. పదిమంది పనిచేసే ప్రతి చోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. జుమా నమాజు వేళ సంగతి కూడా చేరేటప్పుడే మాట్లాడుకోవడం మేలు. నెలాఖరు శుక్రవారం, టార్గెట్ సగంలో ఉండగా అడిగితే వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

ఇంటివారికి ఒక విన్నపం. తొలి జీతం రాకముందే దాని మీద బైకు వాయిదా, చెల్లెలి పెళ్లి అప్పు మోపకండి. ఆ భారమే బిడ్డచేత అబద్ధపు హామీలతో పాలసీలు అమ్మిస్తుంది.

మైనారిటీ సంక్షేమ శాఖల ఉద్యోగ శిక్షణలో ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో నేర్పుతున్నారు. నియామక పత్రం ఎలా చదవాలో, ఫిర్యాదు కార్మిక శాఖలో ఎక్కడ ఇవ్వాలో కూడా నేర్పాలని మేము కోరుతున్నాము. అంతవరకు మసీదు కమిటీలు నెలకొక ఆదివారం ఒక న్యాయవాదినో, విశ్రాంత ఉద్యోగినో కూర్చోబెట్టి, పిల్లలు తెచ్చే పత్రాలను సంతకానికి ముందే చదివించవచ్చు. ఇందుకు ఒక చాప, ఒక గంట సమయం చాలు.