పదో తరగతిలో జీవపరిణామ పాఠం మళ్లీ ఉండాలి

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పాఠ్యపుస్తకాలు రాసేవారికి ఈ విన్నపం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం ఒట్టి ‘అనువంశికత’గా మిగిలింది. అమ్మానాన్నల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో చెప్పే భాగం ఉంది. ఆ లక్షణాలు తరతరాలుగా ఎలా మారుతూ వచ్చాయో, ఆ మార్పుల్లోంచి ఇన్ని జీవజాతులు ఎలా ఏర్పడ్డాయో, ఆ వరుసలో మనిషి ఎక్కడివాడో చెప్పే భాగం పోయింది. కోవిడ్ రోజుల్లో పిల్లల మీద భారం తగ్గించాలని మొదలుపెట్టిన కోత, కోవిడ్ వెళ్లిపోయాక కూడా అలాగే ఉండిపోయింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ రాసినా ఆ పుస్తకంలోకి పాఠం తిరిగి రాలేదు. ఇది సీబీఎస్‌ఈ బడులతో ఆగే విషయం కూడా కాదు. ఆంధ్రప్రదేశ్ తన హైస్కూలు పుస్తకాలను ఇప్పటికే ఎన్‌సీఈఆర్‌టీ బాట పట్టించింది. పోయింది జీవశాస్త్రంలో నాలుగు పేజీలే కదా అని సరిపెట్టుకోవద్దని మా మనవి. ఎవరూ తలపెట్టకుండానే ఈ ప్రపంచంలో ఇంత క్రమం ఎలా ఏర్పడిందన్న ప్రశ్న మామూలు ఇంటి పిల్లకు బడిలో ఎదురయ్యే చోటు అదొక్కటే.

ఆ ప్రశ్న పెద్దదైనా, దాన్ని మొదలుపెట్టడానికి పెద్ద పెద్ద పుస్తకాలు అక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడ మడుల్లో పండిన రాళ్ల ఉప్పులోంచి ఒక గల్లు తీసి భూతద్దం కింద పెడితే చాలు. అంచులు మూలమట్టం పెట్టి గీసినట్టుంటాయి. కొన్ని గల్లుల ముఖం మీద మెట్లు మెట్లుగా లోపలికి దిగిన చదరపు గుంట కూడా కనిపిస్తుంది. దాన్ని ఉలి పెట్టి చెక్కినవాళ్లెవరూ లేరు. ఎండకు నీరు ఆవిరవుతుంటే సోడియం, క్లోరైడ్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. వాటికి అతి తక్కువ శక్తితో నిలకడగా ఉండగలిగే అమరిక అదే కాబట్టి, ఏ మడిలో పండినా, ఏ దేశంలో పండినా ఉప్పు అలాగే కడుతుంది. అక్కడ క్రమం ఉంది, కొలిచి చూపగలిగినంత కచ్చితంగా ఉంది. ఆ రూపం కావాలని కోరుకున్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు. అదే మడి గట్టు మీద నిలబడిన ఉప్పు రైతుకు ఉద్దేశం ఉంది. గట్లు వేసింది, ఉప్పునీరు పెట్టింది, వాన రాకముందే ఉప్పు ఎత్తాలని తొందరపడేది ఆయనే. అన్నిటికీ మూలం పదార్థమే అనే భౌతికవాదం, లోకంలో ఉద్దేశమే లేదని అంటుందని చాలామంది అనుకుంటారు. అది అనేది వేరు. ఉద్దేశం ఆలోచించగలిగే ప్రాణిలో ఉంటుంది, క్రమానికి మాత్రం పదార్థ స్వభావం చాలు, ఈ రెండింటినీ కలిపేయవద్దు అంటుంది.

ఉప్పు విషయంలో దీన్ని ఒప్పుకోవడం తేలికే. ప్రాణుల దగ్గరికి వచ్చేసరికి మనసు మొరాయిస్తుంది. కన్ను చూడటానికే చేసినట్టుంటుంది, రెక్క ఎగరడానికే చేసినట్టుంటుంది. 1859లో డార్విన్ ఈ చిక్కును విప్పాడు. ఒకే తల్లి బిడ్డల మధ్య కూడా చిన్న చిన్న తేడాలుంటాయి, వాటిలో కొన్ని వారసత్వంగా వస్తాయి, ఆ పరిసరాల్లో బతికి బిడ్డల్ని కనడానికి పనికొచ్చిన తేడా తర్వాతి తరంలో ఎక్కువమందిలో ఉంటుంది. ప్రకృతి వరణం అంటే ఇంతే. వరణం అన్నామని అక్కడ కూర్చుని ఎంచేవాడు ఒకడున్నాడని కాదు.

దీనికి సాక్ష్యం కోసం డార్విన్ చూసిన గాలపాగోస్ దీవుల దాకా పోనక్కర్లేదు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లో ఎన్నో ఆదివాసీ కుటుంబాలు సికిల్ సెల్ జబ్బుతో బాధపడుతున్నాయి. మామూలు ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా వంగేలా ఉండి సన్నటి నాళాల్లోంచి కూడా దూరిపోతుంది. ఈ జబ్బులో ప్రాణవాయువును వదిలిన కణం బిరుసెక్కి కొడవలిలా వంగిపోతుంది, నాళాలకు అడ్డం పడుతుంది, కీళ్లూ ఎముకలూ భరించలేనంతగా నొప్పి పెడతాయి, రక్తం తగ్గిపోతుంది. దీనికంతటికీ మూలం ఎంత చిన్నదో చూడండి. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉండటమే తేడా. జన్యువులో ఒక్క అక్షరం మారింది, అంతే. ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒకటే వస్తే మనిషి దాదాపు ఆరోగ్యంగానే ఉంటాడు, ఇద్దరి నుంచీ వస్తే జబ్బు. అలా ఒక్కొక్క జన్యువు ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇంత కీడు చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచింది? తలసీమియా అనే మరో రక్తవ్యాధి విషయంలో ఇలాంటి ప్రశ్నకే 1949లో జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒక ఊహ చెప్పాడు. ఒకే ఒక్క జన్యువు ఉన్నవాళ్లను మలేరియా అంత తేలిగ్గా చంపలేకపోతూ ఉండాలి అన్నాడు. సికిల్ సెల్ విషయంలో అది నిజమని 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో రక్త పరీక్షలతో చూపించాడు. 1952లోనే నీలగిరి ఆదివాసుల్లో ఈ కణాలను కనుగొన్నారు. మలేరియా ఏళ్ల తరబడి పీడించిన అడవి ప్రాంతాల్లోనే మన దగ్గర కూడా ఈ జన్యువు ఎక్కువ. అంటే, మలేరియా నుంచి ఇద్దరు బిడ్డలను కాపాడిన జన్యువే మూడో బిడ్డ ప్రాణం తీస్తోంది. ఈ లెక్కలో క్రమం ఎంత ఉందంటే, ముందుగానే అంచనా కట్టవచ్చు. జాలి మాత్రం లేదు. పసిబిడ్డ నొప్పిని ధరగా పెట్టి ఇలాంటి రక్షణను ఆలోచించి చేసినవారు ఒకరున్నారని అనడం కంటే, ఎవరూ ఆలోచించి చేయలేదని అనడమే సాక్ష్యానికి తగిన మాట. కన్నవాళ్లకు కూడా అదే ఊరట. ఏ జన్మలో ఏ పాపం చేశామో అని ఆ తల్లి కుమిలిపోవలసిన పని లేదు.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం 2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలించాలని జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. అందులోని 17 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. 40 ఏళ్ల లోపువారిని 7 కోట్ల మందిని పరీక్షించి, పెళ్లికి ముందే తెలుసుకునేలా కార్డులు ఇవ్వాలన్నది లక్ష్యం. మంచి పని, మనసారా మెచ్చుకోవలసిన పని. అయితే పాఠం పోయింది కూడా ఆ ఏడాదే. కార్డు అందుకున్న పదహారేళ్ల అమ్మాయి ‘ఈ జబ్బు మా ఊళ్లోనే ఎందుకు?’ అని అడిగితే, జవాబు ఉండవలసింది ఆ తీసేసిన పేజీల్లోనే. అనువంశికత ఒక్కటే చదివిన అమ్మాయికి జబ్బు ఎలా వస్తుందో తెలుస్తుంది. ఎందుకు వచ్చి నిలిచిందో తెలియదు. ఆ ఖాళీలోకి శాపం, దోషం, ‘ఆ కులం రక్తమే అంత’ అనే మాటలు వచ్చి చేరతాయి.

పన్నెండో తరగతిలో ఉంది కదా అంటారు. ఉన్నది జీవశాస్త్రం తీసుకున్నవారికి. మన రెండు రాష్ట్రాల్లో పదో తరగతి అయ్యాక ఎంపీసీ, సీఈసీ, పాలిటెక్నిక్, ఐటీఐ వైపు వెళ్లేవారికి ఆ పాఠం ఈ జన్మకు ఎదురుకాదు. పదితోనే చదువు ఆపేసేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. రేపు ఇంజనీర్లు, తహసీల్దార్లు, జడ్జీలు, సర్పంచులు కాబోయేది వీళ్లే. బైపీసీ పిల్లలకే పరిమితం చేయడమంటే పరిణామాన్ని డాక్టరు చదువులో ఒక సాంకేతిక విషయంగా కుదించడమే.

కోతి మనిషి కావడం ఎవరు చూశారన్నది ఇంకో ఆక్షేపణ. 2018 జనవరిలో ఒక కేంద్ర సహాయమంత్రే ఈ మాట అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి దాన్ని ఖండించవలసి వచ్చింది. ఇవాళ్టి కోతి ఇవాళ్టి మనిషిగా మారిందని పరిణామ సిద్ధాంతం ఎక్కడా చెప్పదు. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులున్నారని చెబుతుంది. ఇక కళ్లతో చూడటం అంటారా, తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు కొండ తెగిన చోట చూడండి. కింద పాత గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్జైటు. ఆ రెండూ కలిసే గీత దగ్గర సుమారు 80 కోట్ల ఏళ్ల కాలం తప్పిపోయి ఉంది. భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించింది. రోజూ వేలమంది భక్తులు దాని పక్కగానే వెళ్తారు. ప్రకృతి వరణానికి ఎంత వ్యవధి దొరికిందో ఊహకు అందాలంటే ఆ గీత చాలు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ కాలపు డైనోసార్ కోటసారస్ ఎముకల కూర్పు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. అదంతా పాతకాలం సంగతి అనుకుంటే, మందులు సగంలో మానేసిన రోగుల్లో క్షయ క్రిములు మందుకు లొంగకుండా తయారవడం పరిణామమే. అది మన కళ్ల ముందు, ఏళ్ల వ్యవధిలోనే జరుగుతోంది.

ఇది దేవుడి మీద దాడి అని బాధపడేవారితో గౌరవంగానే మాట్లాడాలి. బడి ఎవరి పూజగదిలోకీ వెళ్లకూడదు, వెళ్లమని మేము అడగడం లేదు. సృష్టికర్త లేకుండా లోకక్రమాన్ని వివరించే ప్రయత్నం మన దేశానికి పరాయిదేమీ కాదని మాత్రం గుర్తుచేస్తాం. ప్రాచీన భౌతికవాదులైన లోకాయతులను పక్కన పెట్టండి. వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్న మీమాంసకులే, కుమారిల భట్టుతో సహా, జగత్తును సృష్టించిన ఈశ్వరుడు ఉన్నాడన్న వాదాన్ని తోసిపుచ్చారు. జైనులదీ అదే మాట. 1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ(హెచ్) అధికరణ శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం ప్రతి పౌరుడి విధి అని చెబుతోంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకం ఆ విధికి మినహాయింపు కాలేదు.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. విశ్వానికి ఉద్దేశం లేదని పిల్లలకు చెబితే, బతుక్కి అర్థం లేదని నేర్పినట్టు కాదా? అప్పుడు మంచీ చెడూ ఏమవుతాయి? ఈ భయం నిజాయితీగలది కాబట్టి దీన్ని దాటవేయకూడదు. భౌతికవాదాన్ని నమ్మి బతికినవాళ్ల చరిత్రే దీనికి జవాబు. పైన చెప్పిన హాల్డేన్ బ్రిటన్‌లో పుట్టి, 1957లో ఇక్కడికి వచ్చి, ఈ దేశ పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో చనిపోయాడు. భౌతికవాదిగా పేరుపడ్డ ఆ మనిషి, తన శరీరం చదువుకునే పిల్లలకు ఉపయోగపడాలని వీలునామా రాశాడు. ఆ ప్రకారమే దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. చనిపోయాక తన శరీరంతో తనకు పని ఉండదని తెలిసినవాడు తన తర్వాతి వాళ్లకు ఏం మిగల్చాలో ఆలోచించాడు. కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా అంటరానితనం మీద పోరాడుతూ బతుకు గడిపారు. పైనుంచి అర్థం దిగిరాదని తేల్చుకున్నవాళ్లకు, దాన్ని తోటిమనుషుల మధ్య కల్పించుకోవలసిన బాధ్యత ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. సికిల్ సెల్ బిడ్డకు నొప్పి తగ్గించే మందు వెతికింది ప్రకృతి కాదు, మనుషులు. ప్రకృతికి లేని జాలి మనకు ఉంది, అది కూడా ప్రకృతిలోంచే, గుంపుగా బతికిన ప్రాణుల చరిత్రలోంచే వచ్చింది.

డార్విన్ పేరు చెప్పి బలవంతుడిదే రాజ్యమని, కొన్ని జాతులు పుట్టుకతోనే గొప్పవని వాదించినవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలతో దేశాలు నెత్తురు చూశాయి. పాఠాన్ని సగం సగం నేర్చుకుంటే వచ్చే ప్రమాదం అది. సికిల్ సెల్ కథ పూర్తిగా చదివిన పిల్ల ఆ వాదానికి లొంగదు. మలేరియా ఉన్నచోట మేలు చేసిన జన్యువు మలేరియా పోయినచోట ఉత్త భారం. ‘యోగ్యత’ అనేది ఒక చోటికి, ఒక కాలానికి సంబంధించిన లెక్క. ఎవరి నెత్తి మీదా శాశ్వతంగా పెట్టే కిరీటం కాదు.

కాబట్టి రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలను మేము అడుగుతున్నది ఇది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉన్నా లేకున్నా, పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత వెంటనే పరిణామ పాఠం ఉండాలి. అందులో సికిల్ సెల్‌ను ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా వివరించాలి. తిరుమల రాతి పొరలు, కోటసారస్ ఫొటోలు ముద్రించాలి. ఏజెన్సీ బడుల్లో గోండి, కోయ, కువి మాట్లాడే పిల్లలకు వాళ్ల మాటల్లోనే చెప్పేలా ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులు స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో ఈ మాట లేవనెత్తి తీర్మానం రాయించి మండల విద్యాధికారికి పంపాలి. ఉపాధ్యాయ సంఘాలు తమ డిమాండ్ల జాబితాలో దీన్ని చేర్చాలి. పబ్లిక్ పరీక్షలో రాని పాఠాన్ని మన బడుల్లో ఎవరూ చెప్పరన్నది అందరికీ తెలిసిందే. అందుకని ఈ పాఠం నుంచి ప్రతి ఏటా కనీసం ఒక నాలుగు మార్కుల ప్రశ్న ప్రశ్నపత్రంలో ఉండాలి.