ప్లాన్ కాదు.. ముందు బ్యాండ్ మార్చండి!

మొన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ‘అన్నా, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో వీడియో ఆగిపోయింది. మళ్లీ కనెక్ట్ అయ్యేసరికి వాళ్లు వెళ్లిపోయారు. అదృష్టం, హెచ్‌ఆర్ ఇంకో స్లాట్ ఇచ్చారు. ప్లాన్ 100 ఎంబీపీఎస్ నుంచి 200కి మార్చేయమంటావా?’ అన్నాడు. వాడుండేది కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో. ‘ప్లాన్ సంగతి తర్వాత. ల్యాప్‌టాప్‌లో వైఫై పేర్లు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టు’ అన్నా. ఇరవై మూడట! జబ్బేంటో సగం అర్థమైపోయింది.

వాడి రౌటర్ రెండు పేర్లు చూపిస్తోంది. ఒకదాని చివర ‘5జీ’ అని ఉంది. ‘నా దగ్గర 5జీ ఫోన్ లేదు కదా, అందుకే దాన్ని ముట్టుకోలేదు’ అన్నాడు. నవ్వొచ్చింది కానీ, ఈ పొరపాటు చాలామంది చేస్తున్నదే. మొబైల్ 5జీ అంటే అయిదో తరం. రౌటర్ మీద కనిపించే 5జీ అంటే 5 గిగాహెర్ట్జ్. రెండింటికీ సంబంధమే లేదు.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉన్న జాగా 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒకదానితో ఒకటి గొడవపడకుండా పనిచేసేవి 1, 6, 11 అనే మూడు ఛానెళ్లే. ఇన్ని ఇళ్లు ఆ మూడింటినే పంచుకోవాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ అక్కడే, వంటింట్లో మైక్రోవేవ్ అవెన్ కూడా ఆ దగ్గర్లోనే. ప్లాన్ 200 చేసినా, సందులో ట్రాఫిక్ జామ్ అయితే కారు మార్చి ఏం లాభం? అదే 5 గిగాహెర్ట్జ్‌లో, మన దేశంలో 2018లో లైసెన్స్ అవసరం లేకుండా ఇచ్చిన జాగా మొత్తం 605 మెగాహెర్ట్జ్. ఏడు రెట్లకు పైనే!

అలాగని ‘5 ఎప్పుడూ బెస్ట్’ అనే యూట్యూబ్ సలహా కూడా నేను ఒప్పుకోను. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే, అదే దూరంలో సిగ్నల్ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే పావు వంతు మిగులుతుందన్నమాట. పైగా గోడలు దాటడం దానికి ఇంకా కష్టం. ఊళ్లో మందపాటి గోడల పాత ఇల్లు, చుట్టుపక్కల వైఫైలు తక్కువ.. అలాంటి చోట 2.4 హాయిగా పనిచేస్తుంది. అక్కడ 5 కోసం పట్టుబడితే పెరట్లో కూర్చున్న తాతయ్య ఫోన్‌కి సిగ్నలే రాదు.

కాబట్టి లెక్క సింపుల్. రౌటర్ ఉన్న గదిలోనో, ఒక గోడ అవతలో కూర్చుని పనిచేస్తే 5. దూరపు గదికి, స్మార్ట్ బల్బుకి, గేటు దగ్గర కెమెరాకి 2.4. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి ‘అదే చూసుకుంటుందిలే’ అని వదిలేయడం ఇంట్లో పెద్దవాళ్లకి సౌకర్యమే. కానీ ఇంటర్వ్యూలు, వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్నవాళ్లు మాత్రం పేర్లు విడదీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మనం దేని మీద ఉన్నామో మనకు తెలియాలి. ఇక ఆ గంట నిజంగా ముఖ్యమైతే ఏ బ్యాండూ వద్దు, ల్యాన్ కేబుల్ పెట్టేయండి.

నాకు బాధ కలిగించేది ఇంకోటి ఉంది. మావాడు ఈసీఈ. యాంటెన్నాస్ పేపర్లో ఫ్రిస్ ఈక్వేషన్ రాసి పాసయ్యాడు. ఆ ఈక్వేషన్ చెప్పేది ఈ 6 డెసిబెల్స్ సంగతే! ఇంట్లో మాత్రం కేబుల్ వేసినతను తలుపు పక్కన మేకు కొట్టి తగిలించిన రౌటర్‌ని రెండేళ్లుగా కదపలేదు. తప్పు వాడొక్కడిదే కాదు, నేనూ అలాగే చదివా. పరీక్ష కోసం నేర్చుకున్నది పరీక్షతోనే వదిలేస్తున్నాం.

మావాడు రౌటర్‌ని హాల్లో షెల్ఫ్ మీదకి మార్చాడు, ల్యాప్‌టాప్‌ని 5 మీదకి తెచ్చాడు. ప్లాన్ పాతదే. ఇంటర్వ్యూ నలభై నిమిషాలు ఎక్కడా ఆగలేదు. ఉద్యోగం వస్తుందా అంటే, అది వాడి ప్రిపరేషన్ చేతిలో ఉంది. కనీసం ఈసారి నెట్ మీద నెపం పెట్టే అవకాశం లేదు!