పలక గీసిన చప్పుడు

పలకల ఊళ్లో పెరిగినవాడు ఒక చప్పుడును జన్మలో మరిచిపోడు. పలక మీద మేకుతో గీస్తే వచ్చే కీచు. మా మార్కాపురంలో బడికెళ్లిన ప్రతివాడికీ అది తెలుసు. పోయిన కార్తీకంలో అదే చప్పుడు శ్రీశైలం దారిలో కారు వెనక చక్రంలోంచి వినిపించింది. విన్నాను. విని ఊరుకున్నాను. ఈ వారం ఆ ఊరుకోవడం గురించే.

కారు మా బావమరిదిది. బెంగళూరులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. మా వీధిలో ఆపీ ఆపగానే, "బావా, దీనికి సిరామిక్ బ్రేకులు. కాలు ఆనిస్తే చాలు, ఆగిపోద్ది" అన్నాడు. అమ్మినవాడు అలాగే చెప్పాడట. ముందు సీట్లో నేను, వెనక అత్తమ్మ, మా ఆవిడ, పాప. దోర్నాల దాటి మలుపులు మొదలయ్యాక, బ్రేకు వేసినప్పుడల్లా సన్నగా కీచు. చెబుదామనుకున్నాను. కొత్తగా కారు కొనుక్కుని సంబరంగా వచ్చినవాడితో మొదటి ప్రయాణంలోనే వంక పెడితే ఏం బాగుంటుంది? పైగా అత్తమ్మ ఉంది. మొహమాటం.

దర్శనం అయ్యేసరికి పొద్దుపోయింది. పులుల అడవి కదా, రాత్రి 9 దాటితే దోర్నాల దారిలో గేటు పడుతుంది. ఆ తొందరలో మావాడు దిగుడంతా బ్రేకు మీద కాలు తీయకుండా నడిపాడు. కాసేపటికి మాడిన వాసన. "క్లచ్చేమో" అంది మా ఆవిడ. అది ఆటోమేటిక్ కారు. అప్పుడు నోరు విప్పాను. "రేయ్, పక్కన ఆపు. పొద్దుటి నుంచీ వెనక చక్రం కీచుమంటోంది."

వాడు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "పొద్దుటి నుంచా? మరి చెప్పలేదేం బావా?"

దిగి చూస్తే కుడివైపు వెనక చక్రం దగ్గర సెగ కొడుతోంది. వాడు నీళ్ల బాటిల్ తీశాడు. వద్దన్నాను. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు, వంకర పోవచ్చు. చక్రాల కింద రాళ్లు పెట్టి, చల్లారేదాకా ఆగి, చిన్న గేరులో పెట్టి నడక వేగంతో దోర్నాల చేరాం. కారు అక్కడే వదిలేసి ఇంటికి బస్సెక్కాం.

తెల్లారి మా మేస్త్రిని బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. ఆయన మొదటి మాటే, "ఏ సిరామిక్ నాయనా?" అని.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సిరామిక్ బ్రేకులు వేరు, సిరామిక్ ప్యాడ్లు వేరు. పోర్షె, ఫెరారీ లాంటి కార్లకు వచ్చేవి కార్బన్ సిరామిక్ డిస్కులు. అక్కడ డిస్కే ఇనుముది కాదు. ఇనుప డిస్కులో సగం బరువే ఉంటుంది, ఎంత వేడెక్కినా పట్టు సడలదు. ధర మాత్రం లక్షల్లో. వాటికి ప్యాడ్లు మార్చాలంటే వాటికోసం చేసినవే వేయాలి, మామూలువి పనికిరావు. డిస్కు అరిగిందో లేదో తెలియాలంటే మందం కొలిస్తే చాలదు, తూకం కూడా వేస్తారు. ఇంతకన్నా తగ్గకూడదనే బరువు దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. మావాడి కారులో ఉన్నది మామూలు ఇనుప డిస్కు. దానిమీద సిరామిక్ కలిపిన ప్యాడ్. మంచిదే. చప్పుడు తక్కువ, చక్రానికి మసి తక్కువ. అంతే తప్ప ఘాట్‌లో బ్రేకు తొక్కిపట్టి దిగడానికి అది అనుమతి పత్రం కాదు.

చక్రం విప్పాక బయటి ప్యాడ్ చూసి మావాడు ఊపిరి పీల్చుకున్నాడు. "సగం ఉంది కదా!" మేస్త్రి టార్చి లోపలికి తిప్పాడు. లోపలి ప్యాడ్‌లో పదార్థం సున్నా. వట్టి ఇనుప రేకు డిస్కును గీరుతోంది. డిస్కు మీద గాళ్లు పడ్డాయి. కారణం, క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్ను. దాని రబ్బరు తొడుగు చిరిగి, దుమ్మూ నీళ్లూ చేరి, తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పిన్ను జరగకపోతే బయటి ప్యాడ్ సరిగా నొక్కదు, పనంతా లోపలిదే చేస్తుంది. బయటినుంచి చూసేవాడికి అంతా బాగానే కనిపిస్తుంది.

"ముందు బ్రేకులు బాగుంటే చాలనుకుంటారు. ఆపే పనిలో పెద్ద భాగం వాటిదే, నిజమే. కానీ కొత్త కార్లలో బండి జారకుండా చూసే కంప్యూటర్ వెనక బ్రేకుల్ని తనంతట తానే వాడేస్తది. ఒక్కోసారి ముందువాటికన్నా ఇవే తొందరగా అరుగుతాయి" అన్నాడు మేస్త్రి.

మరుసటిరోజు ఒంగోలు నుంచి సామాను వచ్చింది. ఒకే చక్రం చెడినా వెనక రెండు వైపులా డిస్కులూ ప్యాడ్లూ మార్చాం. మావాడు వీడియో చూసి క్లాంపుతో పిస్టన్ను లోపలికి నొక్కబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. స్విచ్‌తో పడే హ్యాండ్ బ్రేకున్న కారులో వెనక క్యాలిపర్‌కు చిన్న మోటారు ఉంటుంది. ముందు స్కానర్ పెట్టి దాన్ని సర్వీసు మోడ్‌లోకి తేవాలి. లేకుండా నొక్కితే మోటారు పోతుంది. లాగే హ్యాండ్ బ్రేకున్న కార్లలో చాలావాటికి పిస్టన్ను తిప్పుతూ నొక్కాలి.

క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడనీయకుండా తీగతో కట్టాడు. పిన్నులు శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజే రాశాడు, కొత్త తొడుగులు వేశాడు. మసిని నోటితో ఊదనివ్వలేదు, తడిగుడ్డతో తుడిచాడు. పలకల ఊరివాళ్లకు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో వేరే చెప్పాలా? రెండేళ్లు దాటిన బ్రేకు ఆయిల్ కూడా మార్చాడు. అది గాల్లో తేమ పీలుస్తుంది, వేడికి ఆ తేమ మరిగితే పెడల్ మెత్తబడిపోతుంది. అంతా బిగించాక, కారు కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కించాడు. మొదటిసారి కాలు నేలకంటా పోయింది. అలాగే రోడ్డెక్కి ఉంటే?

కొత్త ప్యాడ్ డిస్కుతో కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు మీద కాస్త వేగం అందుకోవడం, నెమ్మదిగా తగ్గించడం, కొంతదూరం చల్లారనివ్వడం, మళ్లీ అదే. అలా పదిసార్లు చేశాడు మావాడు.

గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్‌లో లారీ నడిపిన పెద్దాయన మా వీధిలో ఉండేవాడు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అనేవాడు. ఆటోమేటిక్ కారులోనూ చిన్న గేరు ఉంటుంది, వాడుకోవాలి. మీ కారు పది వేల కిలోమీటర్లు తిరిగినప్పుడల్లా చక్రం విప్పించండి. లోపలి ప్యాడ్ చూపించమని అడగండి. 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయండి.

బయల్దేరేముందు అత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నీకు వినపడిందట కదా నాయనా. వాడేమనుకుంటాడో అని ఊరుకున్నావా?" తలూపాను. "వెనక సీట్లో పసిబిడ్డ ఉంది కదయ్యా" అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.