అరుగు అడ్డొచ్చిందా?

పాత వీధిలో కొత్త ఇల్లంటే నకలు తియ్యడం కాదు, వరుస తప్పకపోవడం

పుదుచ్చేరిలో పాత కాలువకు పడమటి వైపున్న తమిళ వీధుల్లో ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడతాయి. ఇంటి ముందు తిన్నై, అంటే అరుగు. దాన్ని దాటి వీధి వైపు, కర్ర స్తంభాల మీద వాలిన పెంకుల పంచ. దాన్ని తాళ్వారం అంటారు. లోపల ముట్రం, అంటే మండువా. యానాం కూడా భాగమైన ఆ కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగువాళ్లకు పేర్లే కొత్త, ఇల్లు కాదు.

చిక్కల్లా ఆ ఇంటిని పడగొట్టాల్సి వచ్చినప్పుడే. చెదపట్టిన దూలాలు, అన్నదమ్ముల పంపకాలు, కారుకు చోటు లేకపోవడం... కారణాలు కాదనలేనివే. ఫలితం మాత్రం ఒకటే: కింద పార్కింగ్, పైన అంతస్తులు, అరుగు ఉన్న చోట ఇనుప షట్టర్. ఒక్క ఇల్లు మారితే వీధి తట్టుకుంటుంది. నాలుగైదు మారితే నీడన నడిచే దారే తెగిపోతుంది.

ఈ విమర్శకు జడిసి కొందరు రెండో తప్పు చేస్తారు. పసుపు రంగు, సిమెంటు స్తంభాలు, కమాను కిటికీలు. అది పాత ఇంటి వేషం కట్టిన అపార్ట్‌మెంటు.

నిజానికి వీధి అడిగేది కొంచెమే. ముందు గోడ వరుస తప్పకూడదు. చూరు పక్కింటి చూరుతో కలవాలి. పై అంతస్తు కావాలంటే వీధి నుంచి వెనక్కి జరగాలి. ఒక పక్కన కారు పట్టేంత తలుపు, మిగిలిన వెడల్పంతా అరుగు. లోపల గాజు, ఉక్కు, కాంక్రీటు... ఏదైనా ఇంటివాళ్ల ఇష్టం. మండువా మాత్రం ముచ్చట కోసం కాదు. రెండు పక్కలా పొరుగిళ్ల గోడలే ఉన్నప్పుడు కిటికీలకు చోటుండదు. వెలుతురు పైనుంచే దిగాలి.

అసలు ప్రశ్న డబ్బు. అందాన్ని అనుభవించేది ఊరంతా, చదరపు అడుగులు వదులుకునేది ఒక్క కుటుంబం. దీనికి వైశ్యాళ్ వీధి ఒక జవాబు చూపింది. 2000ల తొలి ఏళ్లలో యూరోపియన్ యూనియన్ ఆసియా అర్బ్స్ కార్యక్రమం కింద, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ చొరవతో అక్కడి ఇళ్ల ముఖభాగాలు బాగుపడ్డాయి. 2008లో ఆ వీధికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ అవార్డు దక్కింది. విడిగా ఒక్కో ఇంటిని కాక మొత్తం వీధిని లెక్కలోకి తీసుకోవడమే అందులోని కిటుకు.

ఆ కిటుకు కొత్త ఇళ్లకూ వర్తించాలి. ఎత్తును నిబంధనతో ఆపొచ్చు. అరుగు వదలమని అడిగినప్పుడు మాత్రం ఇంటి పన్నులోనో, కట్టుబడి ఖర్చులోనో ఊరు తన వాటా భరించాలి. నీడ అందరిదీ అయినప్పుడు బిల్లు ఒక్కరిదే కావడం న్యాయం కాదు.